వెనక సీటు మనిషి

“రైడ్ అనొద్దు. ఆ మాట ఈ ఇంట్లో ఎవరి నోట్లోంచీ రాకూడదు. ట్రైనింగ్ అనాలి. కాంత నేర్చుకుంటోంది, ముకేష్ నేర్పిస్తున్నాడు. బస్, అంతే.”

జగన్నాథ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఈ మాట చెప్పడం అది మూడోసారి. ఆయన ముందున్న టీ చల్లారి మీగడ కట్టింది.

వినేవాళ్ళు ముగ్గురు. భార్య రుక్మిణి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. తమ్ముడు ముకేష్ గుమ్మానికి ఆనుకుని తన బూట్ల వైపు చూస్తున్నాడు. తల్లి మునెమ్మ వరండా తలుపు పక్కన పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఫిజీలో, నటబువాలోని ఆ ఇంట్లో అయిదో మనిషి కాంత. ముకేష్ భార్య. ఆమె పదకొండు రోజులుగా లౌటోకా ఆసుపత్రిలో మంచం మీద ఉంది.

“ఎన్నిసార్లు చెప్తావురా, బడిపిల్లోళ్ళకి ఎక్కాలు చెప్పినట్టు?” అంది మునెమ్మ.

“ప్రమాదం విచారించడానికి సువా నుంచి వచ్చే ఆఫీసరు అడిగేదీ అట్లాగే అమ్మా. రెండింటికి ఇక్కడికొస్తాడు. ఒకరొకటి చెప్పి ఇంకొకరు ఇంకొకటి చెప్తే అందరం మునుగుతాం.”

“నాకు తెలియక అడుగుతా. ఆ హోటల్ దొరల్నందర్నీ ఎక్కించి తిప్పినావే ముకేషూ, వాళ్ళూ నేర్చుకునేవాళ్ళేనా? ఒక్కడన్నా నేర్చుకున్నాడా?”

రుక్మిణికి మరో రోజైతే నవ్వొచ్చేది.

వెనక పంకాతో ఎగిరే ఆ చిన్న మెషీన్‌కి రెండు సీట్లున్నది నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ. సరదాకి జనాన్ని ఎక్కించుకునే హక్కు దానికి లేదు. అందుకని ఎక్కబోయే ప్రతి టూరిస్టు చేతా ‘నేను విద్యార్థిని’ అని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకునేవాడు ముకేష్. పావుగంట విద్యార్థులు. కిందికి దిగాక మళ్ళీ కనపడేవాళ్ళు కారు. ప్రమాదం జరిగిన రోజు కాంత చేత కూడా అదే కాగితం మీద సంతకం పెట్టించాడు.

“సరే, గుడ్డ సంగతి?” అన్నాడు జగన్నాథ్, తమ్ముడి వైపు తిరిగి. “పంకా బోల్టుల్లో దారప్పోగులు చిక్కుకుని ఉన్నాయట. ఫోటోలు తీసుకుపోయారు.”

“నాదేనని చెప్తాను. చేతులు తుడుచుకునే నూనెగుడ్డ. సీటు మీద మర్చిపోయాను. గాలికి లేచి పంకాలో పడింది.”

“పోగులు పసుపు రంగువట.”

“నూనెగుడ్డకి రంగేముంది అన్నా. ఏ రంగైనా ఉంటుంది.”

రుక్మిణి చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆమెకు ఆ గుడ్డ తెలుసు. తానే కొత్త తెల్ల గుడ్డ చింపి, పసుపునీళ్ళలో ముంచి, ఎండలో ఆరేసింది. తానే అందులో బంతిపూలూ దేవగన్నేరు పూలూ పోసి, నాలుగు కొసలూ కలిపి ముడేసింది. పది రోజుల కిందట పొద్దున్నే ముకేష్ చొక్కా లోపలినుంచి ఏదో తీసి, పెరట్లో నీళ్ళు కాచే పొయ్యిలో వేయడం కిటికీలోంచి చూసింది. నూనె మరకల మధ్య పసుపు కనపడింది. ఆమె చూసిందని అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆమెకు తెలుసు. ఆ రోజునుంచీ ఇద్దరూ ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకోలేదు.

“అది నా గుడ్డ,” అంది రుక్మిణి.

మునెమ్మ చేతిలో చిక్కుడుకాయ రెండుగా విరిగింది.

“వదినా, వద్దు,” అన్నాడు ముకేష్.

“పూలు కట్టిన గుడ్డ. నేను కట్టింది. నూనెగుడ్డ కాదు.”

జగన్నాథ్ టీ గ్లాసు పక్కకి జరిపాడు. ఆయన కోపం వస్తే అరిచే మనిషి. అరవకపోతేనే రుక్మిణికి భయం.

“పూలు సంచిలో కదా పోవాల్సింది?” అన్నాడు మెల్లగా.

అవును. సంచిలోనే. గుడి కుంభాభిషేకానికి పైనుంచి పూలు చల్లాలని కమిటీ తీర్మానించినప్పుడు, ముకేష్ వారం రోజులు కూర్చుని దానికోసం ఒక సంచి కుట్టాడు. పైన జిప్పు, అడుగున తాడు లాగితే తెరుచుకునే మూతి. దాన్ని సీటు కింద బిగించి, ఎండుటాకులు నింపి, ఒంటరిగా రెండుసార్లు ఎగిరి చూశాడు. ఆకులు తిన్నగా చక్రాల కిందికి రాలిపోయాయి. ‘చేతిలో ఏదీ ఉండకూడదు వదినా. వెనక సీటు వీపు దగ్గరే పంకా. చిన్న రుమాలు ఎగిరినా చాలు’ అని ఆమెతోనే చెప్పాడు కూడా.

“ఆ కాన్వాసు గుడ్డ ఎక్కడిదో మీకు తెలుసా?” అంది రుక్మిణి. “హోటల్ వాళ్ళ పిక్నిక్ సంచిది. పోయిన నెల అందులోనే బులుమకావ్ టిన్నులు తెచ్చాడు, ఆవు మాంసం. వాసన కూడా పోలేదు. ఆ సంచిలో దేవుడి పూలా? నాకు మనసొప్పలేదు. మూటకట్టి కాంత ఒళ్ళో పెట్టాను.”

“ఎవరికి చెప్పావు ఈ మాట?”

“ఎవరికీ చెప్పలేదు.”

“ఇంకెవరికీ చెప్పొద్దు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ఆఫీసరు నీ పేరు రాసుకుంటే తరవాత గుడి పేరు రాసుకుంటాడు. గుడి పేరు రాసుకుంటే పూలు పంపించిందెవరని అడుగుతాడు.”

“పంపించింది మీరే కదా.”

“నేను కాదు. కమిటీ.”

“కమిటీకి ప్రెసిడెంటు ఎవరు?”

జగన్నాథ్ గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాడు. టీ ఒలికింది. “పైనుంచి పూలు ఎందుకు పెట్టించానో తెలుసా? ఎనభై ఏడులో సైన్యం గద్దెనెక్కాక మనవాళ్ళు సగం మంది దేశం వదిలి పోయారు. గుళ్ళో హారతికి పదిమంది మిగిలారు. ఉన్నవాళ్ళం ఇంకా ఉన్నామని ఊరంతా తలెత్తి చూడాలనుకున్నాను. తప్పా అది?”

“దేవుడు కిందనే ఉండాడు కదరా,” అంది మునెమ్మ. “పైనుంచి పూలెందుకని నేను ఆ రోజే అడిగితి. ముసల్దానికేం తెలుసంటిరి.”

“అమ్మా, నువ్వు గమ్మునుండు.”

“గమ్మునుండే ఇంతకాడికి వచ్చింది.”

రుక్మిణి పొయ్యి ఆపింది. ఆమె గొంతు ఎప్పుడూ లేవదు, ఇప్పుడూ లేవలేదు. “ఇంజను చప్పుడు ఆగిపోవడం మీకూ వినపడింది. గోపురం మీద మీరు నా పక్కనే ఉన్నారు.”

“ముహూర్తం మూడు నిమిషాలే ఉంది.”

“చెరుకు తోటల వైపు జనం పరిగెత్తుతున్నారు.”

“పన్నెండేళ్ళకోసారి వచ్చే ముహూర్తం రుక్మిణీ! నువ్వు పొయ్యలేదా నీళ్ళు? నీ చేతిలో కలశం లేదా?”

పోసింది. కిందినుంచి గోవింద నామం వినపడుతుంటే, రెండు మైళ్ళ అవతల ఆకాశంలో చప్పుడు లేకుండా పోయిందని తెలిసి కూడా, కలశం వంచింది. ఆ నీళ్ళు దేవుడు తీసుకున్నాడో లేదో ఆమెకు ఈ పదకొండు రోజుల్లో తెలియలేదు. రోజూ దీపం పెట్టేటప్పుడు అడుగుతూనే ఉంది.

“వాడు పడుచువాడు, తట్టుకుంటాడు,” అని జగన్నాథ్ లేచాడు. “ఒక నూనెగుడ్డ. మర్చిపోయాడు. మెషీన్ నడిపే హక్కు పోతే పోతుంది, మిల్లులో ఫిట్టరు పని మళ్ళీ దొరుకుతుంది. ఆడవాళ్ళ పేర్లు, దేవుడి పేరు ఇందులోకి రావు.”

ముకేష్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. రుక్మిణి చెయ్యి తుడుచుకుంటూ అతని వెనకే వెళ్ళింది. గేటు దగ్గర అందుకుంది.

“ఎక్కడికి?”

“మెషీన్ ఎగిరే స్ట్రిప్ దాకా వెళ్ళొస్తా వదినా. షెడ్డు తాళం వెయ్యాలి.”

“కాంత నీతో మాట్లాడుతోందా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“డాక్టరు పంపించాక ఇక్కడికి రాదంట. బా ఊళ్ళో వాళ్ళ అమ్మ దగ్గరికి పోతుందంట. నర్సుతో అందట, నాతో కూడా కాదు. ఎందుకో తెలుసా నీకు? నూనెగుడ్డ సీటు మీద పడేసి, దాని మీద పెళ్ళాన్ని ఎక్కించేవాడివని అనుకుంటోంది.”

“అనుకోనీ.”

“అదేం మాటరా!”

“నాకు ఆరేళ్ళప్పుడు నువ్వు ఈ ఇంటికొచ్చావు. అమ్మ చెరుకు తోటకి పోతే నాకు అన్నం పెట్టిందెవరు? బడికి పంపిందెవరు? నీ పేరు పోలీసు కాగితంలో ఎక్కనిస్తానా నేను?”

“నిన్ను పెంచింది ఇందుకు కాదు.”

“ఎందుకైనా సరే. నువ్వు మాట్లాడకు వదినా. నా మీద ఒట్టు.”

ఒట్టు వేసి వెళ్ళిపోయాడు. చిన్నప్పటినుంచీ అంతే. అడిగింది కాదనడం వాడికి రాదు, తనకి తోచింది మానడమూ రాదు. రుక్మిణి గేటు పట్టుకుని, అతని పాత పికప్ ట్రక్కు మలుపు తిరిగేదాకా నిలబడింది.

అక్కడే నిర్ణయించుకుంది. ముందు కాంతకు చెప్పాలి. మొగుడు అజాగ్రత్తగాడు కాడని, తప్పు తనదని చెప్పి, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుని, ఆమెను ఈ ఇంటికి తెచ్చుకోవాలి. ఆ తరవాత రెండింటికి వచ్చే ఆఫీసరుకీ అదే చెప్పాలి. ఒట్టు సంగతి దేవుడు చూసుకుంటాడు. ఇన్ని చూసినవాడు అదొక్కటి చూసుకోలేడా?

* * *

పదకొండు గంటలకు క్యారియర్ పట్టుకుని ఆసుపత్రి వార్డులోకి వెళ్ళేసరికి కాంత కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. కుడి కాలు తొడ దాకా పిండికట్టు. కుడి భుజం నిండా గుడ్డల కట్టు. విరిగిన పంకా ముక్క అక్కడ దిగింది. ఆ చేత్తోనే ఆమె బళ్ళో బోర్డు మీద రాసేది.

“పప్పన్నం తెచ్చాను. తిందువు గాని లే.”

“అక్కడ పెట్టండి అక్కా.”

రుక్మిణి క్యారియర్ పెట్టి, ముక్కాలి పీట మీద కూర్చుంది. పక్క మంచం మీద ముసలామె నిద్రపోతోంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ బస్సులోనే మిగిలిపోయాయి.

“నీకొక మాట చెప్పాలి కాంతా.”

“అమ్మ దగ్గరికి పోవద్దనా?”

“కాదు. ఆ గుడ్డ... పంకాలో పడిన గుడ్డ. మీ ఆయన నూనెగుడ్డ కాదు. అది నాది. పూల మూట.”

కాంత తల తిప్పి చూసింది. తరవాత నవ్వింది. ఆ నవ్వులో చప్పుడు లేదు.

“అక్కా, ఆ మూట నా ఒళ్ళో పెట్టింది మీరే కదా. నాకు తెలీదా?”

నిజమే. కాంతకు తెలియకుండా ఎలా ఉంటుంది? పదకొండు రోజులూ ఇంట్లో అందరూ ఆ గుడ్డ గురించి ఆలోచించారు. దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్న మనిషి గురించి ఒక్కరూ ఆలోచించలేదు. తనతో సహా.

“మరి... మరి వాడి మీద ఎందుకు కోపం? తప్పు నాది కదా?”

“ఆయన మూట చూశాడు అక్కా.”

“చూసి ‘వదినా, మూట వద్దు’ అన్నాడు. నేనే వినలేదు.”

“అన్నాడు. ఒక్కసారి అన్నాడు. మీరు ‘దేవుడి పూలు బులుమకావ్ సంచిలో పోస్తావా’ అన్నారు. అంతే, నోరు మూసుకున్నాడు. మీరు కారెక్కి గుడికి వెళ్ళిపోయారు. అప్పుడు మేమిద్దరమే ఉన్నాం. సంచి అక్కడే ఉంది. పూలు అందులో పోసెయ్యడానికి ఒక్క నిమిషం పట్టదు. నేను అడిగాను. ‘పోసెయ్యనా?’ అని.”

“ఏమన్నాడు?”

“‘వద్దు, వదిన కింద గుళ్ళోంచి చూస్తుంది. గట్టిగా పట్టుకో, కాహే డరాతి హై, భయమెందుకు’ అన్నాడు.”

కాంత కిటికీ వైపు చూస్తూ చెప్పింది. గొంతు బళ్ళో పిల్లలకి చెప్పినట్టే ఉంది, తొందర లేకుండా.

“హోటల్ దొరసాని ఒకామె మెడలో పూసల దండ తియ్యనంటే ఎక్కించుకోలేదు ఆయన. నేను చూశాను. టోపీ తియ్యని ముసలాయన్ని దింపేశాడు. ఎవరో తెలియనివాళ్ళకి అన్నిసార్లు ‘నో’ చెప్పిన మనిషి అక్కా. మీకు చెప్పలేకపోయాడు. అందుకే నేను ఆ మూటతో వెనక సీట్లో కూర్చున్నాను.”

“పైన ఏమైంది?” అని రుక్మిణి అడిగిందో, అడిగాననుకుందో.

“రెండు చేతులూ మూట పట్టుకోవడానికే సరిపోయాయి. ఇంక దేన్నీ పట్టుకోవడానికి చెయ్యి లేదు. గోపురం కనపడింది. ఇంకా వెయ్యొద్దని ఆయన చెయ్యి ఊపాడు. అప్పుడే ముడి దానంతటదే ఊడింది. మీరు గట్టిగానే కట్టారు. ఆ గాలికి ఏ ముడీ ఆగదు. పూలన్నీ మొహం మీదుగా లేచాయి. గుడ్డ నా వేళ్ళ సందుల్లోంచి పోయింది. తరవాత చప్పుడు. మిల్లులో చెరుకు మధ్య ఇనపముక్క పడితే వస్తుందే, ఆ చప్పుడు. నా వీపు వెనకాల.”

రుక్మిణి ఆమె ఎడమచేతిని పట్టుకోబోయింది. కాంత వెనక్కి తీసుకోలేదు. తన వేళ్ళు మాత్రం కదపలేదు.

“అది కూడా మర్చిపోదును,” అంది కాంత. “భయపడ్డాడు, మొహమాటపడ్డాడు, మనుషులం కదా అనుకుందును. కింద పడ్డాక జరిగిందే మర్చిపోలేకపోతున్నాను. నేను చెరుకులో పడి ఉన్నాను. ఈ చెయ్యి చూసుకుంటే ఎముక కనపడుతోంది. ఆయనకి దెబ్బలేం లేవు, లేచాడు. లేచి మెషీన్ దగ్గరికి పోయాడు. పంకాకి చుట్టుకున్న గుడ్డ లాగుతున్నాడు. జనం రాకముందే తియ్యాలని. నేను రెండుసార్లు పిలిచాను. రెండుసార్లూ ‘వస్తున్నా, వస్తున్నా’ అన్నాడు. గుడ్డ చొక్కాలో పెట్టుకున్నాక వచ్చాడు.”

పక్క మంచం ముసలామె నిద్రలో దగ్గింది.

“నా పేరు రాకూడదని...” అంది రుక్మిణి.

“అవును. మీకోసమే. మీ మాట కాదనలేక నన్ను ఎక్కించాడు. మీ పేరు కాపాడడానికి నన్ను అక్కడ వదిలేశాడు. మీరు చెడ్డవారు కారు అక్కా. చెడ్డవారైతే నాకు సులువుగా ఉండేది.”

రుక్మిణి తల వంచుకుంది. తాను తెచ్చిన క్షమాపణ ఎంత చిన్నదో ఆమెకు అప్పుడు తెలిసింది. గుమ్మం దాకా తెచ్చిన నైవేద్యం ఉప్పు లేనిదని గుమ్మంలో తెలిసినట్టుంది. తప్పు నాదంటే ముడి విడిపోతుందనుకుంది. విడదీయడానికి తన చేతిలో కొస ఏదీ లేదు.

* * *

వార్డు తలుపు దగ్గర మగ గొంతులు వినపడ్డాయి. ఒకటి జగన్నాథ్‌ది.

ఆయన పక్కన లుంగీలాంటి బూడిదరంగు సులూ కట్టి, చంకలో ఫైలు పెట్టుకున్న పొడుగాటి ఫిజియన్ మనిషి ఉన్నాడు, సువా ఆఫీసరు. జగన్నాథ్ ఆసుపత్రి గేటు దగ్గరే కాచుకుని ఆయన్ని పట్టుకున్నాడని చూడగానే తెలుస్తోంది. దారంతా ఇంగ్లీషులో మాట్లాడుతూ వచ్చాడు. రుక్మిణిని చూసి ఒక్క క్షణం ఆగాడు.

“నా భార్య. ఆమెకి ఇంగ్లీషు రాదు సార్. ఆమెని అడిగి లాభం లేదు,” అన్నాడు ఇంగ్లీషులోనే. ఆ మాత్రం ఇంగ్లీషు రుక్మిణికి తెలుసు.

ఆఫీసరు ఆమె వైపు తిరిగి నవ్వాడు. “కోయీ బాత్ నహీ, ఆంటీ. హిందీ మే బోలో. నా పేరు వైసాకే. మాది బా అవతల పల్లె. చెరుకు కొట్టే మీవాళ్ళ గ్యాంగుల్లోనే పెరిగాను.”

ఆయన హిందీ జగన్నాథ్ హిందీకన్నా బాగుంది. జగన్నాథ్ అడ్డం వచ్చాడు.

“సార్, ఇది ట్రైనింగ్ ఫ్లయిట్. మా మరదలు నేర్చుకుంటోంది. కాగితం ఉంది...”

“కాగితం చూశాను. అలాంటివి నా దగ్గర నూటముప్ఫై ఉన్నాయి,” అన్నాడు వైసాకే. “ఆంటీ, ఆ రోజు పొద్దున మీరు స్ట్రిప్ దగ్గర ఉన్నారని విన్నాను.”

రుక్మిణి లేచి నిలబడింది. భర్త చూపు తన మీద ఉంది. ‘నా మీద ఒట్టు’ అన్న ముకేష్ గొంతు చెవిలో ఉంది. పక్కన కాంత మంచం ఉంది. దేవుణ్ణి తలుచుకుందామనుకుంది. ఏ పేరూ నోటికి రాలేదు.

“గుడ్డ నాది,” అంది. “పూలు సంచిలో పోసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. సంచి వద్దంది నేను. మూట కట్టింది నేను. మా మరిది వద్దన్నాడు, నేను వినలేదు. కాంత నేర్చుకోవడానికి ఎక్కలేదు. పూలు చల్లడానికి ఎక్కింది. గుడికోసం. మేము ఎక్కించాం.”

“రుక్మిణీ!”

“మీరు ఆగండి.”

ముప్ఫై ఏళ్ళ సంసారంలో ఆ మాట ఆమె నోటినుంచి అదే మొదటిసారి.

వైసాకే ఏమీ రాసుకోలేదు. ఆయన మొహం సంతోషించినట్టు లేదు, జాలిపడ్డట్టు ఉంది. ఫైలు తెరిచి ఒక కాగితం బయటికి తీశాడు.

“ఈ పొద్దున ఎనిమిదింటికి మీ మరిది నేను దిగిన చోటికి వచ్చాడు ఆంటీ. పిలవకుండానే వచ్చాడు. గుడ్డ తనదేనని, చేతులు తుడుచుకునేదని చెప్పాడు. పూలన్నీ సంచిలోనే ఉన్నాయని చెప్పాడు. ప్రమాణం చేసి సంతకం పెట్టాడు.”

షెడ్డు తాళం వెయ్యాలని వెళ్ళినవాడు వెళ్ళింది అక్కడికి.

“గుడ్డ మర్చిపోయిన పైలట్ వేరు,” అన్నాడు వైసాకే. “దాని శిక్ష ఒకటి. ప్రమాణం చేసి అబద్ధం చెప్పిన పైలట్ వేరు. అది నా చేతుల్లో ఉండదు, కోర్టుకి పోతుంది. మీరు చెప్పింది నిజమైతే ఆయన చెప్పింది అబద్ధం. అందుకే ఇంకా రాసుకోలేదు. మళ్ళీ ఒకసారి ఆలోచించి చెప్పండి. గుడ్డ ఎవరిది?”

“ఆమెకి పది రోజులుగా నిద్ర లేదు సార్,” అన్నాడు జగన్నాథ్. “తోటికోడలి మీద దిగులు. ఏదో మాట్లాడుతోంది. రుక్మిణీ, చెప్పు. పొరపాటు పడ్డానని చెప్పు.”

ఒక్క మాట వెనక్కి తీసుకుంటే చాలు. వాడు జైలుకి పోడు. గుడి పేరు రాదు. ఆఫీసరు కూడా అదే దారి చూపిస్తున్నాడు. రుక్మిణి పెదవులు కదిలాయి. నిజం చెప్పి వాణ్ణి ముంచడమా, అబద్ధం చెప్పి తేల్చడమా? ఇన్నేళ్ళు పూజలు చేసిన మనిషికి ఇంత చిన్న లెక్క తెలియలేదేమిటి?

“ఆఫీసర్,” అంది కాంత.

ముగ్గురూ తిరిగి చూశారు.

“ఆ మెషీన్‌లో ఇద్దరం ఉన్నాం. పదకొండు రోజులైంది. ఏం జరిగిందని నన్ను ఇంతవరకు ఎవ్వరూ అడగలేదు. మీరు కూడా. అందరూ నా తల మీదుగా మాట్లాడుకుంటున్నారు.”

వైసాకే నెమ్మదిగా కాగితం ఫైల్లో పెట్టాడు. “నిజమే మేడమ్. తప్పు నాది. ఇప్పుడు అడుగుతాను.”

“ముందు వీళ్ళని బయటికి పంపండి.”

“కాంతా, నేను పెద్దవాణ్ణి, ఇంట్లో మగదిక్కుని...” అని జగన్నాథ్ మొదలుపెట్టాడు. వైసాకే ఆయన భుజం మీద మర్యాదగా చెయ్యి వేసి తలుపు వైపు తిప్పాడు.

రుక్మిణి కదలలేదు. తాను నిజం చెప్పిందనీ, తనను ఉండనిస్తుందనీ అనుకుంది.

“మీరు కూడా, అక్కా,” అంది కాంత.

వరండాలో బల్ల మీద ఈ కొసన ఆమె, ఆ కొసన జగన్నాథ్ కూర్చున్నారు. తలుపు వెనక కాంత గొంతు మెల్లగా, ఆగకుండా వినపడుతోంది. మాటలు తెలియడం లేదు. ఆమె ముకేష్‌ని కాపాడుతోందో, ముంచుతోందో, చెరుకులో రెండుసార్లు పిలిచిన సంగతి చెబుతోందో తెలియడం లేదు. జగన్నాథ్ ఒకసారి లేచి తలుపు దగ్గర చెవి పెట్టబోయి, అటుగా పోతున్న నర్సు చూడడంతో మళ్ళీ కూర్చున్నాడు.

మెట్లమీద బూట్ల చప్పుడైంది. ముకేష్ పైకొచ్చాడు. ఇద్దర్నీ బల్ల మీద చూసి నిలబడిపోయాడు.

“లోపల ఎవరు?”

జగన్నాథ్ తలుపు వైపు చూశాడు.

“నేను అంతా చెప్పేశాను వదినా,” అన్నాడు మెల్లగా, ఏదో బరువు దించుకున్నట్టు. “ఇంక భయం లేదు. నీ పేరు ఎక్కడా రాదు.” అని తలుపు మీద చెయ్యి వేశాడు.

రుక్మిణి లేచి ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. వాడికి ఆరేళ్ళప్పుడు పొయ్యి దగ్గరినుంచి లాగినట్టే లాగింది.

“ఆగు,” అంది. “కాంత చెప్పేది అవ్వనీ.”